పుస్తకం అమెరికాలో, పంపిణీ తోట్లవల్లూరులో

మన సంఘం లెక్కలు చాలా ఏళ్ల పాటు మూడు నోటు పుస్తకాల్లో నడిచాయి. ఒకటి జకాత్, ఫిత్రా జమల పుస్తకం. రెండోది సహాయం అందుకునే కుటుంబాల జాబితా. మూడోది పిల్లల ఫీజులు, మందుల ఖర్చులు రాసుకునేది. ఆ తర్వాత మన కుర్రవాళ్లే పూనుకుని వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. కుటుంబాల వివరాలు ఉండే డేటాబేస్‌ను క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్నారు. ఆఫీసులోని ల్యాప్‌టాప్, నలుగురు కార్యకర్తల ఫోన్లు ఇంటర్నెట్ ద్వారా ఆ డేటాబేస్‌తో మాట్లాడేలా ఒక చిన్న అప్లికేషన్ తయారైంది. ఆ రోజు మేమంతా సంతోషించాం.

2024 సెప్టెంబరులో దానికి అసలు పరీక్ష వచ్చింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చింది. బ్యారేజీ చరిత్రలో అంత నీరు ఎన్నడూ రాలేదు. మన మండలంలో పాములలంక, తోడేళ్లదిబ్బలంక వంటి లంక గ్రామాలు నీట చిక్కుకున్నాయి. నీరు తీసిన తర్వాత మేము బియ్యం, కందిపప్పు, నూనె కట్టిన కిట్లతో పంపిణీకి కూర్చున్నాం. వరుసలో జనం నిలబడ్డారు. జాబితా పేజీ నొక్కితే తెల్లటి తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. నిమిషం తిరిగి, ఎర్ర అక్షరాలతో తప్పు చూపించి ఆగిపోయింది.

ముందు నిలబడ్డ పెద్దావిడ అడిగింది: "బేటా, నా పేరు ఉందా, లేదా?"

"ఉండే ఉంటుంది నానీ. పేజీ తెరుచుకోవడం లేదు."

"పుస్తకం ఎక్కడ పెట్టారు?"

ఆ ప్రశ్నకు మాలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. ఆ పూట తెల్ల కాగితాల మీద పేర్లు రాసుకుని కిట్లు ఇచ్చేశాం. తర్వాత సరిచూస్తే రెండు కుటుంబాలకు రెండేసి అందాయి. దూరం నుంచి వచ్చిన ఒక కుటుంబం వేచి వేచి ఉత్త చేతులతో వెళ్లిపోయింది. వారి ఇంటికి మేమే వెళ్లి ఇచ్చి వచ్చాం. కానీ అలా జరిగి ఉండకూడదు. ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి మేము పడిన తంటాలే ఈ వ్యాసం. చుట్టుపక్కల సంఘాలు, మదరసాలు, చిన్న ఆస్పత్రులు చాలావరకు ఇప్పుడు ఇదే దారిలో ఉన్నాయి. వారికైనా ఇది పనికి వస్తుందని మా ఆశ.

పుస్తకం ఎక్కడ ఉంది?

ముందుగా నానీ అడిగిన ప్రశ్నకే జవాబు వెతికాం. డేటాబేస్‌ను అద్దెకు తీసుకునేటప్పుడు ఏ ప్రాంతంలో పెట్టాలని ఒక జాబితా చూపిస్తారు. మన కుర్రవాళ్లు అందులో మొదటి పేరు నొక్కేశారు. అది అమెరికా తూర్పు తీరం. అంటే తోట్లవల్లూరులో ఒక పేరు వెతకాలంటే, ఆ ప్రశ్న సముద్రాలు దాటి వెళ్లి, జవాబు మళ్లీ సముద్రాలు దాటి రావాలి.

వెలుగు గాజు తీగలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఆ తీగలో అంతకంటే వేగంగా ఏ కంపెనీ కూడా మన సమాచారాన్ని చేరవేయలేదు. అమెరికా తూర్పు తీరం మనకు సుమారు 13,500 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 27,000 కిలోమీటర్లు. తీగ తిన్నగా ఉన్నా సెకనులో వెయ్యో వంతును మిల్లీసెకను అంటారు కదా, అటువంటివి 135 పడతాయి. తీగలు తిన్నగా ఉండవు. సముద్రం అడుగున చుట్టూ తిరిగి వెళతాయి, మధ్యలో ఎన్నో మలుపుల దగ్గర ఆగుతాయి. మేము కొలిస్తే ఒక రాకపోకకు 240 మిల్లీసెకన్లు, అంటే ఇంచుమించు పావు సెకను పట్టింది.

పావు సెకనే కదా అని మేమూ అనుకున్నాం. పావు సెకనుకు ఏ వరుసా ఆగదు. మరి నిమిషం దాటినా పేజీ ఎందుకు రాలేదు?

ఎన్నిసార్లు వెళ్లి వస్తున్నాం?

లంకలో ఉన్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పాయ దాటి ఊళ్లోకి వచ్చి సరుకులు కొనుక్కోవాలి. తెలిసిన ఇల్లాలు చీటీ రాసుకుని ఒక్కసారే వచ్చి అన్నీ కొనుక్కుని పోతుంది. ఉప్పుకు ఒకసారి, పప్పుకు ఒకసారి, అగ్గిపెట్టెకు ఒకసారి పడవ ఎక్కితే పొద్దు గుంకిపోతుంది. కొట్టువాడు ఎంత చురుకైనవాడైనా అందులో చేయగలిగింది ఏమీ లేదు.

మా అప్లికేషన్ అగ్గిపెట్టెకు కూడా పడవ ఎక్కుతోంది. జాబితాలో 400 కుటుంబాలు ఉన్నాయి. అది ముందుగా ఒకసారి వెళ్లి పేర్లు మాత్రమే తెస్తుంది. తర్వాత ప్రతి కుటుంబానికీ ఇంట్లో ఎందరున్నారో అడగడానికి ఒకసారి, ఇదివరకు ఏం అందుకున్నారో అడగడానికి మరోసారి వెళుతుంది. ఒకటి కలిపి 801 రాకపోకలు. ఒక్కోదానికి 240 మిల్లీసెకన్లు అంటే 3 నిమిషాల 12 సెకన్లు. ప్రోగ్రాం మాత్రం 60 సెకన్లు దాటితే ప్రయత్నం మానుకునేలా రాసి ఉంది. అంటే ఆ పేజీ ఆ రోజు ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకునేది కాదు.

మరి తయారు చేసినప్పుడు ఎందుకు తెలియలేదు? రాసిన అబ్బాయి ల్యాప్‌టాప్‌లోనే డేటాబేస్ కూడా ఉంది. అక్కడ ఒక రాకపోకకు అర మిల్లీసెకను కూడా పట్టదు. 801 సార్లు తిరిగినా అర సెకనులోపే పేజీ వచ్చేది. పైగా అప్పుడు పరీక్ష కోసం పది పేర్లే రాసుకున్నాడు. తప్పు మొదటి రోజు నుంచే ఉంది. దూరమూ, జనమూ పెరిగేసరికి బయటపడింది.

పెద్ద ప్లాను కొంటే తీరుతుందా?

మాలో కొందరు వెంటనే ఇంటర్నెట్ ప్లాను పెంచమన్నారు. పెంచాం. డబ్బు ఖర్చయింది, పేజీ మాత్రం రాలేదు. ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఒకేసారి ఎంత సమాచారం పడుతుంది అనేది బ్యాండ్‌విడ్త్. అది పడవ వెడల్పు. ఒకసారి వెళ్లి రావడానికి ఎంతసేపు అనేది లేటెన్సీ. అది పాయ వెడల్పు. పడవ పెద్దదైనంత మాత్రాన పాయ చిన్నదవదు. వీడియోలు చూడటానికి పెద్ద పడవ కావాలి. చిన్న చిన్న ప్రశ్నలు వందలకొద్దీ అడిగే అప్లికేషన్‌కు దానివల్ల ఒరిగేది చాలా తక్కువ.

మొదటి మార్పు: చీటీ రాసుకుని ఒక్కసారే వెళ్లడం

డేటాబేస్‌లకు ఒక మంచి గుణం ఉంది. పేర్ల పట్టికను, ఇంటి సభ్యుల పట్టికను, సహాయాల పట్టికను అక్కడే జోడించి ఒకే జవాబుగా ఇమ్మని అడగవచ్చు. మన కుర్రవాళ్లు ప్రశ్నను అలా తిరగరాశారు. 801 రాకపోకలు ఒకటయ్యాయి. డేటాబేస్ ఇంకా అమెరికాలోనే ఉంది, అయినా పేజీ కొద్ది సెకన్లలోనే వచ్చింది.

మరో లెక్క కూడా వేసి చూశాం. ప్రశ్న మార్చకుండా డేటాబేస్‌ను మాత్రం మన దేశానికి తెచ్చుకుని, ఒక రాకపోక 30 మిల్లీసెకన్లకు తగ్గిందనుకుందాం. 801 సార్లకు 24 సెకన్లు పడుతుంది. వరుసలో నిలబడినవారికి అదీ ఎక్కువే. అందుకే దూరం తగ్గించడానికి ముందు ప్రయాణాలు తగ్గించుకోవాలి. ఇది ఖర్చు లేని వైద్యం.

అయితే దీనిలోనూ ఒక ఇబ్బంది ఉంది. ఒకేసారి అన్నీ తెమ్మంటే మూట బరువవుతుంది. మొదట్లో మా జవాబులో రేషన్ కార్డుల ఫోటోలు కూడా వచ్చేవి. సిగ్నల్ సరిగా లేని కరకట్ట మీద ఆ మూట దిగడానికే చాలాసేపు పట్టేది. ఇప్పుడు ఊరివారీగా, ఆ పూటకు కావలసిన గడులు మాత్రమే తెప్పిస్తున్నాం. ఫోటో కావాలంటే ఆ పేరు మీద నొక్కినప్పుడే వస్తుంది.

రెండో మార్పు: తలుపు ప్రతిసారీ తట్టకపోవడం

డేటాబేస్‌తో మాట మొదలుపెట్టడానికే కొన్ని రాకపోకలు పడతాయి. వచ్చాను, వినిపిస్తోందా అని పలకరించుకోవడానికి ఒకటి, మాటలు ఇతరులు వినకుండా తాళం మార్చుకోవడానికి ఒకటో రెండో, పేరు, పాస్‌వర్డ్ చెప్పుకోవడానికి మరికొన్ని. మొత్తం అయిదు అనుకున్నా, పావు సెకను లెక్కన సెకను పైమాటే. మా ప్రోగ్రాం ప్రతి ప్రశ్నకూ కొత్తగా తలుపు తట్టకపోయినా, ప్రతి పేజీకీ తట్టేది.

దీనికి మందు కనెక్షన్ పూల్. కొన్ని కనెక్షన్లను ముందే తెరిచి ఉంచుకుని, అవసరమైనవారు వాడుకుని తిరిగి ఇచ్చేస్తారు. మసీదు దగ్గర ఉమ్మడిగా ఉంచుకునే పెళ్లి వంట పాత్రల వంటివన్న మాట.

ఇందులోనూ ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. తెరిచి ఉంచిన ప్రతి కనెక్షన్ సర్వర్‌లో కొంత చోటు తింటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి డేటాబేస్ ప్రతి కనెక్షన్‌కూ విడిగా ఒక పనివాడిని నిలబెడుతుంది. మనం మార్చకపోతే దానిలో హద్దు 100. మైఎస్‌క్యూఎల్‌లో 151. ప్రతి ఫోనూ ఇరవై తెరిచి పట్టుకుంటే ఆరో కార్యకర్తకు చోటు దొరకదు. ఇక చాలాసేపు పని లేకుండా ఉన్న కనెక్షన్‌ను మధ్యలోని యంత్రాలు చెప్పకుండానే తెంపేస్తాయి. తెరిచే ఉందనుకుని వెళితే ఎదురుగా మూసిన తలుపు ఉంటుంది. కాబట్టి పూల్ చిన్నదిగా ఉండాలి, వాడే ముందు కనెక్షన్ బతికి ఉందో లేదో చూసుకోవాలి.

మూడో మార్పు: పనిని పుస్తకం దగ్గరికి పంపడం

రేషన్ షాపులో మనం వేలు పెడతాం. ఆధార్ సమాచార కేంద్రాలు బెంగళూరులోనూ, హర్యానాలోని మానేసర్‌లోనూ ఉన్నాయి. సరిపోల్చడానికి అక్కడి నుంచి ఎవరి వేలిముద్రలూ షాపులోని మిషన్‌కు రావు. మన వేలిముద్రే అక్కడికి వెళుతుంది. సరిచూసే పని అక్కడే జరుగుతుంది. సరిపోయిందా, లేదా అన్న చిన్న జవాబు తిరిగి వస్తుంది. పెద్ద పుస్తకం కదలదు, చిన్న ప్రశ్న కదులుతుంది.

మేమూ అదే చేశాం. ఇదివరకు మా ల్యాప్‌టాప్, ఫోన్లు నేరుగా డేటాబేస్‌తో మాట్లాడేవి. ఇప్పుడు మధ్యలో ఒక చిన్న సర్వర్‌ను డేటాబేస్ పక్కనే పెట్టాం. ఫోను దానితో ఒక్క మాట చెబుతుంది. అది పక్కనే ఉన్న డేటాబేస్‌తో పది మాటలు మాట్లాడి, తేల్చిన జవాబును పంపుతుంది. ఆ పదీ ఒకే గదిలో జరిగే మాటలు కాబట్టి కాలం పట్టదు. మరో మేలు కూడా జరిగింది. డేటాబేస్ తలుపు ప్రపంచమంతటికీ తెరిచి ఉంచనక్కర్లేదు. పక్కనున్న సర్వర్‌కు తప్ప ఇంకెవరికీ అది తెరుచుకోదు.

ఆ తర్వాతే ఆ రెంటినీ కలిపి మన దేశానికి మార్చుకున్నాం. ముంబై మనకు సుమారు 900 కిలోమీటర్లు, హైదరాబాదు సుమారు 270. పేరున్న క్లౌడ్ సంస్థల్లో అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాదులో తన కేంద్రాలు తెరిచింది. అంటే దగ్గరలో చోటు దొరకకపోవడం ఇప్పుడు సమస్య కాదు, అడిగి ఎంచుకోవాలంతే. అయితే అన్ని చోట్లా ధర ఒకటే ఉండదు. అన్ని సదుపాయాలూ అన్ని కేంద్రాల్లో ఉండవు. చూసుకుని ఎంచుకోవాలి.

నాలుగో సంగతి: దగ్గర నకలు ఉంచుకోవడం

పుస్తకం దూరంగా ఉంటే ఒక నకలు దగ్గర పెట్టుకోవచ్చు కదా అని అడిగినవారు ఉన్నారు. పెట్టుకోవచ్చు. దీన్నే క్యాష్ అనీ, పూర్తి పుస్తకానికి నకలైతే రెప్లికా అనీ అంటారు. చదవడం చాలా తేలికవుతుంది. చిక్కంతా పాతబడటంతోనే. అసలు పుస్తకంలో ఇప్పుడే రాసినది నకలులోకి రావడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయంలో నకలు చూసి ఇచ్చేవాడు ఇప్పటికే అందుకున్నవారికి మళ్లీ ఇస్తాడు.

ఈ చిక్కును రైల్వే రిజర్వేషన్‌లో ఎలా విప్పారో చూడండి. కాన్సర్ట్ అనే ఆ వ్యవస్థ 1994 సెప్టెంబరులో మొదటగా మన సికింద్రాబాదులోనే మొదలైంది. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు అయిదూ ఒకదానితో ఒకటి కలిశాయి. అన్ని రైళ్ల పుస్తకాలనూ ఒకే చోట కుప్ప పోయలేదు, అయిదు చోట్లా నకళ్లు పెట్టి ఎవరికి వారు బెర్తులు అమ్ముకోనివ్వలేదు. ఒక్కో కేంద్రం దగ్గర కొన్ని రైళ్ల పుస్తకం ఉంటుంది. ఒక రైలు బెర్తు లెక్క ఒక్క చోటే ఉంటుంది. ఆ కేంద్రం పరిధిలోని రైలైతే జవాబు దగ్గర నుంచే వస్తుంది. దూరపు కేంద్రానిదైతే ప్రశ్న అక్కడికి వెళ్లి వస్తుంది. కొంత ఆలస్యాన్ని ఒప్పుకున్నారు గానీ ఒకే బెర్తును ఇద్దరికి అమ్మే ప్రమాదాన్ని ఒప్పుకోలేదు.

ఈ పద్ధతిని చూసి మేము మా సమాచారాన్ని రెండుగా విడదీశాం. పేరు, ఊరు, ఇంట్లో ఎందరు అనేవి నిన్నటివైనా ఫరవాలేదు. అవి ఫోనులో నకలుగా ఉంటాయి. ఈ విడత అందుకున్నారా, లేదా అన్నది మాత్రం అసలు పుస్తకాన్నే అడగాలి. ఇస్తున్నప్పుడు అక్కడే రాయాలి.

అయిదో సంగతి: జవాబు రాకపోతే

దూరపు డేటాబేస్‌తో మరో ఆపద ఉంది. మనం రాయమని పంపుతాం. జవాబు రాదు. అది చేరలేదా, లేక చేరి, రాసేసి, జవాబు మాత్రం దారిలో పోయిందా? ఇక్కడి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒక దాత ఇచ్చిన జకాత్ సొమ్ము మా పుస్తకంలో రెండుసార్లు జమ అయింది ఇలాగే. కార్యకర్త మళ్లీ నొక్కాడు, అంతే. లెక్కలు సరిచూసేటప్పుడు పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు ప్రతి రసీదుకూ, ప్రతి కిట్టుకూ ఫోనులోనే ముందుగా ఒక ప్రత్యేక సంఖ్య పడుతుంది. ఆ సంఖ్యతో ఇదివరకే రాసి ఉంటే డేటాబేస్ రెండోసారి రాయదు. ఎన్నిసార్లు నొక్కినా ఒక్కసారే లెక్క.

ఇక సిగ్నలే లేని లంకల సంగతి. అక్కడికి పడవ ఎక్కే ముందే ఆ ఊరి జాబితాను ఫోనులో దించుకుంటాం. ఒక ఊరు ఒక్క కార్యకర్తకే అప్పగిస్తాం. ఒకే కుటుంబం ఇద్దరి ఫోన్లలో ఉండదు కాబట్టి తిరిగి వచ్చి కలిపినప్పుడు తగాదా రాదు. దీనికి మేము చెల్లించే వెల ఏమిటంటే, ఆ కుటుంబం అదే రోజు ఊళ్లోకి వచ్చి అడిగితే వెంటనే ఇవ్వలేం. ఆ కార్యకర్తకు కబురు చేసి అడగాలి. మరో జాగ్రత్త కూడా ఉంది. సహాయం అడిగినవారి పేర్లు ఫోనులో మిగిలిపోకూడదు. అది వారు మన దగ్గర ఉంచిన అమానత్. కలిపిన వెంటనే ఆ జాబితా చెరిగిపోయేలా చేశాం.

ఇతర సంఘాలకు మా మాట

మేము నేర్చుకున్నదాన్ని బట్టి, ముందు కొలవండి. పేజీ రావడానికి మొత్తం ఎంత పట్టింది, అందులో డేటాబేస్ పని చేసింది ఎంతసేపు అని రెండూ చూడండి. డేటాబేస్‌లోనే ఎక్కువ పడుతుంటే పట్టికకు సరైన ఇండెక్స్ లేకపోయి ఉండవచ్చు. దానికి దూరంతో సంబంధం లేదు. డేటాబేస్ చిటికెలో ముగించినా పేజీ ఆలస్యమైతే, ఎన్నిసార్లు వెళ్లి వస్తున్నారో లెక్కపెట్టండి. ప్రయాణాలు తగ్గించండి, తలుపు తెరిచి ఉంచండి, తర్వాత దూరం తగ్గించండి. నకలు ఉంచుకోవడం ఆఖరున. ఏది పాతబడినా ఫరవాలేదో, ఏది పాతబడకూడదో సంఘం పెద్దలు కూర్చుని తేల్చాలి. అది కంప్యూటర్ కుర్రవాళ్లకు వదిలేసే విషయం కాదు. కొత్త అప్లికేషన్‌ను పది పేర్లతో ఆఫీసులో కాకుండా, నాలుగు వందల పేర్లతో కరకట్ట మీద నిలబడి పరీక్షించండి.

ఇంత చేశాక కూడా పంపిణీకి వెళ్లే ముందు రోజు రాత్రి జాబితాను కాగితం మీద అచ్చు వేసి సంచిలో పెట్టుకుంటున్నాం. కరెంటు, టవరు, సర్వరు మూడూ ఒకేసారి పోయిన రోజున కూడా, నా పేరుందా బేటా అని అడిగే నానీకి అక్కడికక్కడే జవాబు చెప్పగలగాలి.